పెరట్లో పిజ్జా పొయ్యి, పక్కన పాలిష్ కాంక్రీట్ గట్టు: కట్టినవాళ్లెవరైనా ఉన్నారా?

గోదారిగట్టు | జనవరి 6, రాత్రి 9:42

అందరికీ నమస్కారమండి. రాజమండ్రి ఊరి చివర మా ఇల్లు. వెనక పెరట్లో బాదం చెట్టు పడిపోయాక పదిహేను అడుగుల జాగా ఖాళీగా ఉండిపోయింది. అక్కడ కట్టెలతో కాలే పిజ్జా పొయ్యి ఒకటి కట్టి, దాన్ని ఆనుకుని పిండి ఒత్తుకోవడానికీ కూరగాయలు తరుక్కోవడానికీ ఏడడుగుల గట్టు వేయాలని నా కోరిక. గట్టు మీద గ్రానైట్ కాదండి, నున్నగా పాలిష్ పట్టిన కాంక్రీట్. ఓ హోటల్లో చూశాను. అప్పట్నుంచీ కళ్లలోనే మెదులుతోంది.

మా మేస్త్రీ మంచివాడే గానీ రెండు మాటలన్నాడు. "పొయ్యికి మన ఎర్ర ఇటుకే పెట్టి సిమెంటుతో కట్టేద్దామండి." "గట్టుకి పాలిష్ ఎందుకండి, పైన సిమెంటు పాలు పోసి తాపీతో రుద్దితే అద్దంలా వస్తది." ఇవి నమ్మొచ్చా? నేను బ్యాంకు ఉద్యోగిని, తాపీ పట్టినవాణ్ణి కాదు. కాస్త విడమరిచి చెప్పండి.

సైటింజినీర్ | జనవరి 6, రాత్రి 10:30

అన్నా, మీ మేస్త్రీ చెప్పినయ్ రెండూ సగం నిజం. ఎర్ర ఇటుకతోని పొయ్యి కాదా అంటే అయితది. కానీ పిజ్జా పొయ్యి లోపల 450 డిగ్రీల దాకా పోతది, తెల్లారేసరికి దిగుతది, మళ్ల పది రోజులకు ఒక్కపారే ఎక్కుతది. ఆ ఎక్కుడు దిగుడుకు ఎర్ర ఇటుక పెచ్చులు లేస్తది. పెచ్చు ఊడి పిజ్జా మీద పడ్డదనుకో, పంటి కింద రాయే. నేలకు, గోపురానికి ఫైర్ బ్రిక్స్, అంటే మంట తట్టుకునే ఇటుకలు తీసుకో. ఐ.ఎస్. 6, ఐ.ఎస్. 8 అని రెండు రకాలు అమ్ముతరు. నీ పనికి 6 చాలు, 8 అనేది ఫర్నేసులోళ్ల సరుకు. 230, 115, 75 మిల్లీమీటర్ల సైజు, ఒక్కోటి దగ్గర దగ్గర నాలుగు కిలోలు తూగుతది.

ఉత్త సిమెంటు మాలు మంటకు ఎదురుగ పెట్టకు. 400 దాటినంక సిమెంట్ల ఉండే సున్నం తన లోపలి నీళ్లు ఇడిచి పొడి పొడి అయితది. వానకాలం తడి తాకితే మళ్ల ఉబ్బుతది. అట్లనే రెండు మూడు ఏండ్లకు కీళ్లన్ని వదులైతయ్.

ఇంకోటి, అందరు గోపురం గురించే అడుగుతరు, నేల కింద ఏముందో ఎవరు అడగరు. కాంక్రీట్ స్లాబ్ మీదనే ఇటుక పరిస్తే వేడంత స్లాబే తాగుతది. రెండో పిజ్జాకే అడుగు చల్లబడతది. స్లాబుకూ ఇటుకకూ నడుమ నాలుగు అంగుళాల మందం వర్మిక్యులైట్ పొయ్యాలె. నర్సరీల మొక్కలకు అమ్ముతరు గదా, గదే. అయిదు పాళ్లు అది, ఒక పాలు సిమెంటు. మెత్తగ అటుకుల ముద్ద లెక్క ఉంటది, ఇది బరువు మోస్తదా అని భయపడతవ్. మోస్తది.

డాలస్‌దోసె | జనవరి 7, ఉదయం 6:15

గోదారిగట్టు గారూ, మూడేళ్ల కిందట మా ఇంటి వెనక 36 అంగుళాల పొయ్యి కట్టాను. మా ఆయన ఇటుకలు కోశారు, నేను పేర్చాను, పెళ్లి మాత్రం నిలబడింది.

రెండు విషయాలు చెప్తాను. మొదటిది పొయ్యి నోటి ఎత్తు. లోపలి గోపురం ఎత్తులో 63 శాతం దగ్గర ఉండాలి. గోపురం 18 అంగుళాలైతే నోరు పదకొండుంపావు. నోరు ఎక్కువ ఎత్తు పెడితే వేడి బయటికి పారిపోతుంది, తక్కువైతే మంటకి గాలి అందక పొగ కక్కుతుంది. పొగగొట్టం గోపురం నడినెత్తిన పెట్టకండి. అది మన పాత వంటింటి పొగగూడు అలవాటు. ఇక్కడ పొగ గోపురం కింద చుట్టూ తిరిగి, నోటి దగ్గరికి వచ్చి, నోటికి బయట ఉన్న గొట్టంలోంచి పైకి పోవాలి. ఆ తిరగడంలోనే పిజ్జా పైభాగం కాలుతుంది.

రెండోది ఓ కర్ర. నేల మధ్యలో మేకు దింపి, దానికి అటూ ఇటూ, పైకీ కిందకీ తిరిగేలా ఒక బద్ద బిగించండి. బద్ద చివర ఇటుకని పట్టుకునే చిన్న ఇనుప మూల ఉండాలి. ప్రతి ఇటుకా ఆ చివర పెట్టి మాలు అద్ది అతికిస్తే ఎక్కడ చూసినా మేకు నుంచి ఒకటే దూరం. మేం మొదటి మూడు వరసలు కంటిచూపుతో వేసి నాలుగో వరసకి కోడిగుడ్డు ఆకారం తెచ్చాం. విప్పి మళ్లీ కట్టాం.

మాలు నేనైతే మూడు పాళ్లు సన్న ఇసుక, ఒక్కో పాలు సిమెంటు, సున్నం, ఫైర్ క్లే (మంట తట్టుకునే మట్టి) కలిపాను. సిమెంటు ముందు పట్టు ఇస్తుంది, అది పోయేనాటికి మిగతా రెండూ పట్టుకుంటాయి. ఇటుక లోపలి అంచులు ఒకదాన్నొకటి తగలాలి, మాలు వెనక వైపు సందుల్లో ఉండాలి.

రాయిరప్ప | జనవరి 7, ఉదయం 11:05

పొయ్యి సంగతి నాకు తెలీదు కానీ, గట్టుకి కాంక్రీట్ ఏందండీ? మన ప్రకాశం జిల్లాలో చీమకుర్తి రాయి పెట్టుకుని, నల్లటి రాయిలో చుక్కలు నక్షత్రాల్లా మెరిసే ఆ గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకి ఓడలెక్కిపోతుంటే, మీరేమో సిమెంటు ఇసుక కలిపి దాన్ని అరగదీసి రాయిలా చేస్తానంటారు. డబ్బులు ఎక్కువై కాదు, పని లేకనే. నిమ్మకాయ పడితే మచ్చ, చింతపండు పులుసు పడితే మచ్చ. మన వంటకి కాంక్రీట్ పనికిరాదు. రాసిపెట్టుకోండి.

గోదారిగట్టు | జనవరి 7, మధ్యాహ్నం 1:20

రాయిరప్ప గారూ, గ్రానైట్ మా వంటింట్లో ఉందండి, బాగుంది. ఇది సరదా. మచ్చ మాట మాత్రం గుండెల్లో పడింది. నిజమేనా ఎవరైనా?

మొజాయిక్‌మనవడు | జనవరి 7, రాత్రి 8:50

నిజమే సార్. కాంక్రీట్లో సున్నం ఉంటుంది, పులుపు సున్నాన్ని తింటుంది. నిమ్మరసం పది నిమిషాలు నిలిస్తే పాలిష్ పోయి తెల్లగా, గరుగ్గా ఓ వలయం మిగుల్తుంది. అది మరక కాదు, గాయం. తుడిస్తే పోదు. సీలర్ (పైన పూసే రక్షణ పూత) వేస్తే మీకు టైము దొరుకుతుంది, అంతే. మచ్చ పడకూడదు అనుకునేవాళ్లు రాయిరప్ప గారి మాట విని రాయి వేసుకోవడమే మేలు. పడితే పడిందిలే అనుకునేవాళ్లకే కాంక్రీట్.

ఇంక పాలిష్ సంగతి. మాది కర్నూలు. మా తాత, మా నాన్న మొజాయిక్ గచ్చులు వేసేవాళ్లు. 'పాలిష్ కాంక్రీట్' అని మీరందరూ కొత్తగా చెప్పుకునేది నాకు చూస్తే నవ్వొస్తుంది. తెల్ల సిమెంటులో మార్బుల్ చిప్స్ కలిపి పరిచి, గట్టిపడ్డాక నీళ్లు పోస్తూ కార్బొరండం రాళ్ల మిషన్‌తో ముందు గరుకు రాయి, తర్వాత సన్న రాయి, ఇంకా సన్న రాయి. మధ్యలో సిమెంటు పేస్టు రుద్ది సూది బెజ్జాలు పూడ్చి, ఆరాక మళ్లీ మిషన్. చివర ఆక్జాలిక్ పౌడర్ వేసి రుద్దితే మెరుపు. మీ గట్టు కూడా ఇదే పని, రాళ్ల బదులు డైమండ్ ప్యాడ్లు. 50, 100, 200, 400, 800, 1500. కక్కుర్తి పడి ఒక నంబరు దాటేశారో, ముందు ప్యాడ్ గీతలు పైన అద్దంలా మెరిసిన తర్వాత బయటపడతాయి. అప్పుడు మళ్లీ మొదటికి. ఆక్జాలిక్ విషం, తినే పదార్థాలు పెట్టే గట్టుకి నేనైతే వాడను. దాని బదులు లిథియం సిలికేట్ డెన్సిఫయర్ అని దొరుకుతుంది. అది లోపలి సున్నంతో కలిసి పైపొరని గట్టిపరుస్తుంది. 400 ప్యాడ్ అయ్యాక పూయండి.

మీ ఊళ్లో పాత మొజాయిక్ పాలిష్ చేసేవాళ్లు ఇంకా ఉంటారు, వెతకండి. టైల్స్ వచ్చాక వాళ్లకి పని పోయింది కానీ చెయ్యి పోలేదు.

సైటింజినీర్ | జనవరి 7, రాత్రి 9:30

మొజాయిక్ తమ్ముడు చెప్పిందానికి దండం. ఒక్కటి కలుపుత. మామూలు గ్రైండర్‌తోని నీళ్లు పోస్తూ పాలిష్ చేస్తే షాక్ కొట్టి చస్తరు. వెట్ పాలిషర్ కిరాయికి తెచ్చుకోవాలె, దాని ముందు 30 మిల్లీయాంపుల ఈ.ఎల్.సి.బి., అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చి ఉండాలె. నీళ్లు లేకుండ పొడిగ కోస్తే ఆ దుమ్ముల సిలికా ఊపిరితిత్తులల్ల కూర్చుంటది, జన్మల బయటికి రాదు. ఏదైనా నీళ్లతోనే, కరెంటు మాత్రం జాగ్రత్త.

అత్తిలిపిల్ల | జనవరి 8, ఉదయం 10:10

నేను ఏమీ కట్టట్లేదు, ఊరికే చదువుతున్నాను. ఒక డౌటు. పొయ్యి కట్టెలు ఏవి? మామిడి కట్టెలు మా ఇంట్లో బోల్డు ఉన్నాయి.

బేకరీబాబాయ్ | జనవరి 8, మధ్యాహ్నం 3:00

అమ్మాయ్, మామిడి పనికొస్తుంది, కాకపోతే ఆరాలి. కొట్టిన కట్టె ఏడాది నీడలో ఆరితేనే కట్టె, అప్పటిదాకా అది చెట్టే. పచ్చి కట్టె మండితే వేడిలో కొంత దానిలో నీళ్లు మరగడానికే పోతుంది. మా బేకరీలో సరుగుడు, తుమ్మ వాడేవాళ్లం. సరుగుడు నిలకడగా మండుతుంది, తుమ్మ బొగ్గు మంచి బలంగా నిలబడుతుంది. పెయింటు వేసిన పాత తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు మాత్రం లోపల పెట్టకండి. అవి తినే రొట్టెలోకి వస్తాయి.

మా భట్టీ నేల కింద ఏముండేదో తెలుసా? కళ్లుప్పు, ఇసుక, పగిలిన సీసా పెంకులు. నాన్నగారు ప్రతి గాజు ముక్కా దాచేవారు. వర్మిక్యులైట్ పేరు మేం వినలేదు. థర్మామీటరూ లేదు. గుప్పెడు మైదా నేల మీద చల్లి లెక్కపెట్టేవాళ్లం. పది అనేలోపు నల్లబడితే బన్ను పెట్టకూడదు, ఇరవైకి బంగారు రంగు వస్తే పెట్టొచ్చు. పిజ్జాకి మాత్రం మాడే వేడే కావాలంటున్నారు మీరు. కొత్త చదువు.

డాలస్‌దోసె | జనవరి 8, సాయంత్రం 6:40

బాబాయ్ గారూ, మీ పిండి పరీక్ష మా ఇంట్లో పెట్టేస్తున్నాను! పిజ్జా వేడి నిజంగా వేరు. ఇటలీలోని నేపుల్స్‌లో 1984లో పెట్టిన పిజ్జా సంఘం ఒకటుంది, వాళ్ల లెక్కలో పిజ్జా 60 నుంచి 90 సెకండ్లలో కాలిపోవాలి. అందుకు నేల 400 అటూ ఇటూ ఉండాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనేటప్పుడు 380 డిగ్రీలతో ఆగిపోయే చవకది కొనకండి, 550 వరకు చూపేది తీసుకోండి. అది లేకపోయినా ఒక గుర్తు ఉంది: మంట మొదట్లో గోపురం లోపల నల్లగా మసి పడుతుంది, వేడి చాలినప్పుడు ఆ మసి దానంతట అదే కాలిపోయి ఇటుక తెల్లగా బయటపడుతుంది.

గోదారిగట్టు | ఫిబ్రవరి 15, రాత్రి 10:05

నెల రోజుల కబురు. పునాది, ఇటుక గోడల మీద స్లాబు, స్లాబు మీద వర్మిక్యులైట్ అయ్యాయండి. 150 ఫైర్ బ్రిక్స్ తెచ్చాను. తిరుగుడు కర్ర చూసి మా మేస్త్రీ మొదట నవ్వాడు, రెండో రోజు మధ్యాహ్నానికి "ఇది నాకిచ్చేస్తారా అండి" అన్నాడు. గోపురం నడినెత్తిన ఆఖరి ఇటుక నిన్న సాయంత్రం పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం.

గట్టు మాత్రం పగిలింది.

జరిగింది ఇదండి. పాత వార్డ్‌రోబ్ తలుపులు రెండు, లామినేట్ ఉన్న వైపు లోపలికి పెట్టి అచ్చు చేశాం. అంచుల్లో సిలికాన్ పూసి వేలితో లాగాను. ఏడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం, ఒక మూల పంపు గొట్టానికి చదరంగా ఖాళీ. లోపల వెల్డ్ మెష్ (ఇనుప జాలీ). తలకిందులుగా పోశాం, అడుగు వైపే పైవైపు అవుతుందని. నాలుగో రోజున నలుగురం పట్టుకుని మంచం ఎత్తినట్టు ఎత్తాం. మధ్యలో "టక్" అని ఓ చిన్న చప్పుడు. పంపు ఖాళీ మూల నుంచి అవతలి అంచు దాకా ఏటవాలుగా గీత. కింద దించే ముందే తెలిసిపోయింది. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

సైటింజినీర్ | ఫిబ్రవరి 15, రాత్రి 10:40

అన్నా బాధపడకు, గిది అందరికి అయ్యేదే. లెక్క చూడు: ఏడడుగులు, రెండడుగులు, రెండంగుళాలు అంటే 155 కిలోల దాకా బరువు. నాలుగు రోజుల పసి కాంక్రీట్. అడ్డంగ ఎత్తితే దాని బరువుకు అదే వంగుతది, కాంక్రీట్ వంగదు, పగులుతది. గ్రానైట్ పలకలు ఎట్ల తీస్కపోతరో చూడలేదా? నిలువుగ, అద్దం తీస్కపోయినట్టు. చదరం ఖాళీ మూలలు ఎప్పుడు పగుళ్లు పుట్టిస్తయ్, గుండ్రంగ పెట్టాలె, ఆ మూలకు అడ్డంగ రెండు ఊచలు వెయ్యాలె.

నీళ్లు ఎంత పోసిండ్రు?

గోదారిగట్టు | ఫిబ్రవరి 15, రాత్రి 10:52

కొలిచి 15 లీటర్లు పెట్టానండి. నేను ఫోన్ మాట్లాడి వచ్చేసరికి కూలీ కుర్రాడు ఇంకో సగం బకెట్ పోసేశాడు. "పారాలి గదండి" అన్నాడు.

సైటింజినీర్ | ఫిబ్రవరి 15, రాత్రి 11:01

దొరికింది. ఆ పలకకు 1:1:2 పాళ్లల్ల (సిమెంటు, ఇసుక, కంకర) 36 కిలోల సిమెంటు పడతది, 14 లీటర్లు దాటొద్దు. పారాలంటే నీళ్లు కాదు, సూపర్ ప్లాస్టిసైజర్ అనే మందు పొయ్యాలె. ఎక్కువ నీళ్లు ఆరిపోయినంక ఆ జాగల బొక్కలే మిగులుతయ్. బలం పోతది, పాలిష్‌ల సూది బెజ్జాలు జల్లెడ లెక్క కనబడతయ్. ఈసారి రెండు ముక్కలు చెయ్యి, మూడున్నర అడుగులది ఒక్కోటి. ఇద్దరు నిలువుగ మోస్తరు. కంకర 20 మిల్లీమీటర్లది వద్దు, బేబీ చిప్స్ (సన్న కంకర) వాడు. పోసినంక అచ్చు అంచులను రబ్బరు సుత్తితోని కొడుతూ ఉండు, బుడగలు పైకొస్తయ్.

మొజాయిక్‌మనవడు | ఫిబ్రవరి 16, ఉదయం 7:20

పోసేటప్పుడు ఎండ ముదరక ముందు, పొద్దున్నే పోయండి. పోసిన వెంటనే పైన ప్లాస్టిక్ షీటు. మర్నాటి నుంచి తడి గోనెసంచులు, ఏడు రోజులు అవి ఆరకూడదు. అచ్చులోంచి వారం దాకా తీయకండి. పాలిష్ మరో వారం ఆగి. తొందరపడి లేత కాంక్రీట్ మీద ప్యాడ్ పెడితే చిప్స్ ఊడి వస్తాయి, మెరవవు.

రాయిరప్ప | ఫిబ్రవరి 16, ఉదయం 9:00

నేను ఏమీ అనట్లేదు. ఏడడుగుల నల్లరాయి పలక ధర అడిగి పెట్టనా?

గోదారిగట్టు | మార్చి 20, రాత్రి 9:15

రెండు ముక్కలూ వచ్చాయండి! పగలకుండా! మొజాయిక్ పాలిష్ చేసే ముసలాయన ఒకరు కడియం వైపు దొరికారు. పదేళ్లయింది మిషన్ పట్టి అన్నారు. కిరాయి వెట్ పాలిషర్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "తేలిగ్గా ఉంది, బొమ్మలా" అని మొదలెట్టారు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేత్తో మిషన్, ఇంకో చేతి వేళ్లతో గట్టు మీది బురద తోసి, వేలి చివరతో తడిమి, ఎక్కడ గరుకు మిగిలిందో కళ్లు మూసుకునే చెప్పేవారు. 200 ప్యాడ్ దగ్గర సిమెంటు లోపలి బేబీ చిప్స్ నల్లగా, బూడిదరంగులో, అక్కడక్కడా ఎర్రగా బయటపడ్డాయి. 800 కొచ్చేసరికి బాదం చెట్టు లేని ఆకాశం గట్టులో కనిపించింది. నేను 1500 కూడా చేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పిండి ఒత్తే చోట అంత జారుడు దేనికండి" అన్నారు.

ఇప్పుడు గోపురం. పైన 25 మిల్లీమీటర్ల సెరామిక్ బ్లాంకెట్ (వేడి పోకుండా చుట్టే పీచు దుప్పటి) మూడు పొరలు చుట్టాను, మాస్కు, చేతి తొడుగులు వేసుకునే. ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు. మంట ఎప్పుడు పెట్టొచ్చు?

డాలస్‌దోసె | మార్చి 21, ఉదయం 6:00

మొదటి రోజు నాలుగు పుల్లలు చాలు, చలిమంటలాగా. 150 డిగ్రీలు దాటనివ్వకండి, ఓ ఐదారు గంటలు. తర్వాత రోజుకో 50 పెంచుతూ వెళ్లండి. గట్టుకీ పొయ్యికీ మీరు చెయ్యాల్సింది సరిగ్గా ఒకదానికొకటి వ్యతిరేకం. గట్టులో నీళ్లు పోనివ్వకుండా గోనెసంచులు కప్పారు కదా, పొయ్యిలో నీళ్లని బతిమాలుకుని బయటికి పంపాలి. తోస్తే అవి ఆవిరై 1600 రెట్లకి పైగా ఉబ్బుతాయి, దారి లేకపోతే దారి చేసుకుంటాయి.

గోదారిగట్టు | ఏప్రిల్ 2, రాత్రి 8:30

చెప్పడానికి సిగ్గుగా ఉంది. రెండు రోజులు బుద్ధిగా చలిమంట వేశాను. ఉగాదికి చుట్టాలొచ్చారు. మా బావగారు "ఇదేనా పొయ్యి, దీపారాధనలా ఉంది" అన్నారు. రోషం వచ్చింది. తుమ్మ మొద్దులు రెండు పెట్టాను. అరగంటకి లోపల్నుంచి చిటపట, తర్వాత "ధబ్" అని ఒక చప్పుడు. బ్లాంకెట్ మీద చెయ్యి పెడితే తడి తగిలింది, ఇడ్లీ పాత్ర మూతలాగా. చల్లారాక టార్చి వేసి చూస్తే నెత్తి మీద నుంచి నోటి కమాను దాకా వెంట్రుక వెడల్పు పగులు. అయిపోయిందా?

బేకరీబాబాయ్ | ఏప్రిల్ 2, రాత్రి 9:10

అయిపోలేదు నాయనా. మా భట్టీకి అలాంటివి పదకొండు ఉండేవి, నాన్నగారు లెక్కపెట్టారు. వేడెక్కితే మూసుకుంటాయి, చల్లారితే తెరుచుకుంటాయి. పగుల్లోకి రూపాయి బిళ్ల అంచు దూరితే నాకు చెప్పు, దూరకపోతే మర్చిపో. గోపురం ఒకదానిమీదొకటి ఆనుకుని నిలబడేది, జిగురుతో నిలబడేది కాదు. మళ్లీ మొదటి రోజు నుంచి పుల్లలతో మొదలుపెట్టు. బావగారిని పిలవకు.

సైటింజినీర్ | ఏప్రిల్ 2, రాత్రి 9:45

బాబాయ్ మాటే మాట. ప్లాస్టర్ ఎక్కించినంక నెత్తి మీద అంగుళం గొట్టం ఒకటి వదులు, ఆవిరి పోనీకి. మొత్తం వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టి ఊపిరాడకుండ చెయ్యకు. ఇంకా, పొయ్యి నోటి కమానుకూ మీ పాలిష్ గట్టుకూ నడుమ పది మిల్లీమీటర్ల సందు ఉంచి సెరామిక్ తాడు కుక్కు. లేకుంటే పొయ్యి ఉబ్బినప్పుడు గట్టును నెడతది. ఇప్పటికే ఒకటి పగిలింది నీది.

గోదారిగట్టు | ఏప్రిల్ 27, రాత్రి 11:20

ఈ రోజు మొదటి పిజ్జా. 250 గ్రాముల ముద్దలు పొద్దున్నే చేసి పెట్టాం. రెండు గంటలు మండించాను, గోపురం తెల్లబడింది. లోపల పెట్టాను. నిమిషంన్నరలో అడుగు బొగ్గు, పైన చీజ్ ఇంకా చల్లగా ఉంది! రెండోదీ అంతే. మూడోది మా అబ్బాయి తిన్నాడు, పైభాగం మాత్రం.

డాలస్‌దోసె | ఏప్రిల్ 28, ఉదయం 5:50

బొగ్గులు నేలంతా పరిచి ఉంచి, ఊడ్చిన వెంటనే పెట్టారు కదూ? నేల ఎంత చూపించింది?

గోదారిగట్టు | ఏప్రిల్ 28, ఉదయం 7:10

510 అండి. ఎక్కువ ఉంటే మంచిదనుకున్నాను.

డాలస్‌దోసె | ఏప్రిల్ 28, ఉదయం 7:30

అదే. బొగ్గులు ఒక పక్కకి నెట్టి, కర్రకి తడి గుడ్డ చుట్టి నేల తుడిచి, పది పదిహేను నిమిషాలు ఆగండి, 400కి దిగుతుంది. అప్పుడు ఆ బొగ్గుల మీద సన్నటి ఎండు పుల్ల ఒకటి వేస్తే మంట లేచి గోపురాన్ని నాకుతుంది. ఆ మంట ఉన్నప్పుడే పిజ్జా పెట్టాలి. వట్టి బొగ్గు ఎరుపుతో పైన కాలదు. పిజ్జా కింద మైదా ఎక్కువ చల్లకండి, అదే మాడి చేదొస్తుంది. కాస్త బొంబాయి రవ్వ చల్లండి.

గోదారిగట్టు | మే 18, రాత్రి 9:00

కుదిరింది! ఎనభై సెకండ్లు. అంచులు ఉబ్బి మీద చిరుతపులి చుక్కలు. మా ఆవిడ ఒకదాని మీద కొత్త ఆవకాయ ఊట పూసింది, అది అందరికంటే ముందు అయిపోయింది. రాత్రి పదింటికి బొగ్గు లాగేసి తలుపు మూస్తే, పొద్దున్న ఆరింటికి లోపల 190 ఉంది. మట్టి కుండలో కందిపప్పు పెట్టాం, పదింటికి వెన్నలా అయింది. పిజ్జా కంటే ఆ పప్పుకే ఇంట్లో పేరొచ్చింది.

రాయిరప్ప గారికి శుభవార్త: ఆవకాయకి కాయలు గట్టు మీదే కొట్టాం. సీలర్ వేసే ఉంది. అయినా పులుపు పని పులుపు చేసింది. పొయ్యికి ఎడమ వైపు అరచేయంత తెల్ల మచ్చ, పక్కనే గిన్నె అడుగు గుండ్రం. పాలిష్ పెద్దాయనకి ఫోన్ చేస్తే 400 ప్యాడ్ నుంచి మళ్లీ పట్టొచ్చు అన్నారు. మా ఆవిడ వద్దంది. ఆ మచ్చ చూస్తే ఈ ఏడు ఏ కాయ కొట్టామో గుర్తుంటుందట.

రాయిరప్ప | మే 18, రాత్రి 9:25

రాసిపెట్టుకోమన్నాను. ఆ ఊట పిజ్జా ఎప్పుడు పెడతారు?

అత్తిలిపిల్ల | మే 19, ఉదయం 8:40

నేను ఏమీ కట్టట్లేదు అన్నాను కదా, ఇప్పుడు కడదామనుకుంటున్నాను, 28 అంగుళాలది. మీ దగ్గర ఇటుకలేమైనా మిగిలాయా అండి?

గోదారిగట్టు | మే 19, ఉదయం 9:05

పద్నాలుగు ఉన్నాయమ్మా, బ్లాంకెట్ ముక్క కూడా. వచ్చి పట్టుకెళ్లు. మాస్కు తెచ్చుకో. తిరుగుడు కర్ర మాత్రం లేదు, మేస్త్రీ పట్టుకుపోయాడు.